రాజరాజ నరేంద్రుడి తల మీద ఏముండేది? వేంగి కాలపు మగవాళ్ల తలకట్టుకు ఆధారాలు కావాలి

గోదారి_గట్టు
రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం మీద నాటకం వేస్తున్నాం. రాజు, సేనాపతి, ఇద్దరు మంత్రులు, నన్నయ, నలుగురు భటులు, ఒక పడవవాడు. బట్టలు అద్దెకిచ్చే కొట్లో ఏ కాలానికైనా ఒకటే సరుకు: రాజుకు కోసుగా పొడుగాటి జరీ టోపీ, మంత్రులకు మైసూరు తలపాగా, భటులకు ఇత్తడి రంగు పూసిన అట్ట శిరస్త్రాణం. శక సంవత్సరం 944, అంటే 1022లో వేంగిలో ఇవి ఉండేవంటే నాకు నమ్మకం కుదరడం లేదు. మరి ఏముండేది? ఊహాగానాలు వద్దు. రాయో, రాగిరేకో, గ్రంథమో చూపించి చెప్పండి. మగవాళ్ల తల వరకే అడుగుతున్నాను, నగల సంగతి వేరే పెట్టుకుందాం.

రాతిబొమ్మ
మొదట ఆ కోసు టోపీ తీసి పక్కన పెట్టండి. అది కుళ్లాయి. లేపాక్షి కప్పు మీది చిత్రాల్లో పెద్దమనుషుల నెత్తిన ఉన్నది అదే, తిరుమలలో ఇద్దరు దేవేరులతో నిలబడ్డ కృష్ణదేవరాయల కంచు విగ్రహానికి ఉన్నదీ అదే. రెండూ 16వ శతాబ్దానివి. అంతకు ముందు 15వ శతాబ్దంలో విజయనగర సభకు వెళ్లాలంటే కుళ్లాయి పెట్టక తప్పలేదని శ్రీనాథుడి చాటువే చెబుతోంది. మీ కథ 1022లో. నడుమ 400 ఏళ్లు ఉన్నాయి.

మైసూరు పాగా దానికంటే కూడా కొత్తది. దాని గురించి మాట్లాడనే అక్కర్లేదు.

రాగిరేకు
నాణేల వైపు నుంచి ఆశ పెట్టుకోవద్దని ముందే చెబుతున్నా. శక్తివర్మవీ రాజరాజువీ బంగారు నాణేలు దొరికాయి, అరకాను తీరంలో కూడా దొరికాయి. పల్చటి వెడల్పాటి బిళ్లలు, మధ్యలో వరాహం, చుట్టూ విడివిడిగా కొట్టిన అక్షరాలు. రాజు ముఖం లేదు. రాగి శాసనాల కడియానికి ఉండే ముద్ర మీద కూడా వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు. అక్కడా మనిషి లేడు. గుప్తుల నాణేల మీద సముద్రగుప్తుడి తలకు అతుక్కున్న టోపీ కనిపిస్తుంది కదా, మనకూ అలాంటిది దొరుకుతుందని వెతికేవాళ్లు చాలామంది. ఆ టోపీ, ఆ కోటు కుషాణుల నాణేల నమూనా నుంచి వచ్చినవి. గోదావరి ఒడ్డుకు వాటిని తేకూడదు.

పాగా_పక్షం
నాణెం మీద లేనంత మాత్రాన తలపాగా లేదని ఎలా అంటారు? అమరావతి శిల్పాలు చూడండి, నుదుటి పైన ముడితో ఎంత బ్రహ్మాండమైన పాగాలో. అవి మన కృష్ణా తీరానివే.

రాతిబొమ్మ
@పాగా_పక్షం అమరావతి పాగాలు నిజమే, కాదనేవాడు లేడు. కానీ అవి 2వ శతాబ్దం చుట్టుపక్కలవి. 5వ శతాబ్దం అజంతాకు వచ్చేసరికే పెద్దింటి మగవాడి తల మీద చుట్టుబట్ట బాగా తగ్గిపోయి జుట్టు, పూలు, మకుటం పైకొచ్చాయి. బాదామి మూడో గుహకు 578 నాటి శాసనం ఉంది, మామల్లపురం 7వ శతాబ్దం, అలంపురం గుళ్లు 7, 8 శతాబ్దాలు. వీటిని వరసగా చూసుకుంటూ రండి. దేవుళ్లకు, ద్వారపాలకులకు మకుటమో జటో, గంధర్వులకు ముడివేసిన జుట్టు. అమరావతి లాంటి పాగా కోసం కళ్లు కాయలు కాచేలా వెతకాలి.

అమరం_చేతిలో
గోదారి_గట్టు గారూ, మీకు కావాల్సింది వరాహమిహిరుడి బృహత్సంహితలో తయారుగా ఉంది. 6వ శతాబ్దపు గ్రంథం. పట్టాలక్షణం అని చిన్న అధ్యాయం. రాజు నుదుట కట్టే బంగారు పట్టానికి కొలతలతో సహా ఇచ్చాడు.

మధ్యలో వెడల్పు: రాజుకు 8 అంగుళాలు, పట్టమహిషికి 7, యువరాజుకు 6, సేనాపతికి 4, ప్రసాదపట్టం అంటే రాజు మెచ్చి ఇచ్చేదానికి 2. (మన స్కేలు అంగుళం కాదు, వేలి వెడల్పు అంగుళం.) పొడవు మధ్య వెడల్పుకు రెట్టింపు. అంచుల దగ్గరికి వచ్చేసరికి వెడల్పు సగం. అన్నీ మేలిమి బంగారమే. రాజుది ఐదు శిఖలు (పట్టం పై అంచున లేచే కొసలు), యువరాజుకూ రాణికీ మూడు, సేనాపతికి ఒకటి, ప్రసాదపట్టానికి శిఖ లేదు.

ఇంకా ఉంది. రేకు సాగగొట్టేటప్పుడు సులువుగా సాగితే రాజుకు వృద్ధి, జయం. మధ్యలో బెజ్జం పడితే ప్రాణానికీ రాజ్యానికీ చేటు. మధ్యలో పగిలితే పారెయ్యాలి, పక్కన పగిలితే విఘ్నం. కంసాలి దగ్గర కూర్చుని చూసినవాడే ఈ మాట రాయగలడు. పల్చటి రేకు ఎక్కువ దెబ్బలు పడేది నడిమధ్యలో, పగులు మొదలయ్యేదీ అక్కడే.

మేకప్_పెట్టె
అయ్యబాబోయ్, ఇది సరాసరి కటింగ్ చార్టే కదా!

కుట్టు_కత్తెర
చార్టే. లెక్క కట్టేద్దాం. వేలి అంగుళం సుమారు 1.9 సెంటీమీటర్లు అనుకుంటే:

రాజు పట్టం మధ్యలో 15.2 సెం.మీ., పొడవు 30.4, రెండు అంచుల దగ్గర 7.6.
సేనాపతిది మధ్యలో 7.6, పొడవు 15.2, అంచుల్లో 3.8.

మగవాడి తల చుట్టుకొలత సుమారు 56 సెం.మీ. కాబట్టి 30 సెం.మీ. పట్టం నుదురూ కణతలూ దాటి చెవుల దాకా వచ్చి ఆగుతుంది. చుట్టూ తిరిగే కిరీటం కాదిది. వెనక సగం తాడో పట్టు నాడానో. పెళ్లిలో బాసికం కడతాం చూడండి, అదే పద్ధతి.

రాజు పట్టం విస్తీర్ణం సుమారు 346 చదరపు సెం.మీ. వస్తుంది. 0.2 మి.మీ. రేకైతే బంగారంలో 134 గ్రాములు, అంటే పదకొండున్నర తులాలు. మీరు చేసేది ఇత్తడితో కాబట్టి 60 గ్రాముల లోపే. నటుడికి బరువే కాదు.

తప్పు జరిగేది ఎక్కడంటే, చదునైన రేకును అలాగే వంచి కడతారు. తల గొట్టంలా ఉండదు, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాంతో పై అంచు నుదుటి నుంచి విడిపోయి గరిటెలా ముందుకు నిలబడుతుంది. కింది అంచును నేరుగా కాకుండా మధ్యలో సుమారు ఒకటిన్నర సెం.మీ. కిందికి దిగేలా వంపుగా కత్తిరించాలి. ముందు అట్టతో చేసి తలకు కట్టి చూడండి, ఆ తర్వాతే రేకు ముట్టుకోండి. అంచును 3 మి.మీ. లోపలికి మడిచి కొట్టకపోతే నుదురు కోసుకుంటుంది.

రాతిబొమ్మ
కొలతలు బాగున్నాయి గానీ ఒక అభ్యంతరం. వరాహమిహిరుడు అవంతి మనిషి, రాజరాజుకు 500 ఏళ్ల ముందటివాడు. ఉజ్జయిని పుస్తకం తెచ్చి రాజమహేంద్రవరంలో కట్టించడం ఎంతవరకు సబబు? 16వ శతాబ్దపు కుళ్లాయి వద్దని ఇప్పుడే కదా అన్నాం.

రాగిరేకు
అభ్యంతరం న్యాయమైనదే. కానీ పట్టం కట్టడం అన్నది మన శాసనాల్లోనే ఉంది. రాజరాజు వంశమైన తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో రాజు అయ్యాడని చెప్పాల్సిన చోట పట్టబంధం, పట్టాభిషేకం అనే మాటలే. దాంతో పాటు కంఠిక ఒకటి, వంశక్రమంలో వచ్చే కంఠహారం. వారసత్వం మీద తగువు వచ్చినప్పుడు ఆ కంఠికను ప్రత్యేకంగా చెప్పుకున్నారు. కాబట్టి పట్టం ఉండేదన్నది వేంగి సాక్ష్యం. దాని ఆకారం, కొలత మాత్రం బృహత్సంహిత సాక్ష్యం. నాటకం కరపత్రంలో ఈ రెండూ వేరువేరుగా చెప్పండి, సరిపోతుంది.

అమరం_చేతిలో
@రాతిబొమ్మ శాస్త్రగ్రంథం కాబట్టి పాతదైనా చేతులు మారుతూ వాడుకలో ఉంటుంది. కుళ్లాయి సంగతి వేరు, అది 1022కి ఇంకా మన దగ్గరికి రాలేదు. ముందుకాలపు వస్తువు కొనసాగే అవకాశం ఉంది, తర్వాతి కాలపు వస్తువు వెనక్కి వెళ్లే అవకాశమే లేదు.

గోదారి_గట్టు
బాగుంది. మరి పట్టాభిషేకం అయ్యాక సభలో కూర్చున్నప్పుడు? రోజూ ఆ రేకు కట్టుకునే ఉంటాడా?

అలంపురం_దారి
పూలు!

నిజంగానే అంటున్నా. బాణుడు హర్షుణ్ణి మొదటిసారి చూసిన ఘట్టంలో ఉత్తరాపథమంతా ఏలే చక్రవర్తి తల మీద ఏమున్నదని రాశాడు? విరిసిన మాలతీపూల దండ. ముండమాల అంటాడు. జుట్టు అంచున ముఖానికి పరివేషంలా ఉందట. పైన సిగలో ముత్యం, మరకతం. అదే 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూన్‌త్సాంగ్ కూడా అంతే రాశాడు. మగవాళ్లు తల మీద పూలదండలు పెడతారు, నడినెత్తిన జుట్టు చుట్టగా ముడేసి మిగతాది కిందికి వదులుతారు, రాజులూ ప్రభువులూ దండలతో పాటు రత్నాల తలనగలు పెడతారు అని. ఆయన వేంగి దాకా వచ్చి వెళ్లినవాడు. ఒకరు ఆస్థాన కవి, ఇంకొకరు పరదేశి భిక్షువు. ఒకరినొకరు చూసి రాసింది కాదు.

శిల్పం కావాలా? గంగైకొండచోళపురంలో చండేశానుగ్రహమూర్తి. శివుడు కూర్చుని, కింద చేతులు జోడించిన చండేశుడి తల చుట్టూ పూలదండ తన చేతులతో చుడుతున్నాడు. రాజేంద్రచోళుడు కట్టించిన గుడి. రాజేంద్రుడు మన రాజరాజుకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. కాలం అదే, చుట్టరికమూ అదే. ఇంతకంటే దగ్గర సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

మేకప్_పెట్టె
మగవాళ్లకు మల్లెపూలంటే మా కుర్రాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ఫొటోలు దిగుతారు 😄 దండ ఎంత పొడవుండాలి?

అలంపురం_దారి
తల చుట్టుకొలత 56 ఉంటే ముడులకు కలిపి 65 సెం.మీ. దారంతో కడితే లైట్ల వేడికి పూలు వడిలి వదులై జారిపోతాయి. తడిపిన అరటినారతో దగ్గరదగ్గరగా కట్టించండి. మొగ్గ విచ్చీవిచ్చని జాజులైతే ఒక ప్రదర్శనకు నిలుస్తాయి. నుదుటి మీదికి దించొద్దు, జుట్టు మొదలయ్యే చోటే కూర్చోవాలి.

పాగా_పక్షం
అందరూ తలపాగాను కొట్టిపారేస్తున్నారు. ఉష్ణీషం అన్న మాట సంస్కృతంలో కోకొల్లలుగా ఉంది. అల్‌బిరూనీ 1030 ప్రాంతంలో హిందువుల తలపాగాల ప్రస్తావన చేశాడు. అది సరిగ్గా రాజరాజు కాలమే.

అమరం_చేతిలో
అల్‌బిరూనీ అన్నమాట పూర్తిగా చెప్పాలి. "వాళ్లు తలపాగాలను సరావీలుగా (కాళ్లకు తొడిగే లాగుల్లా) వాడతారు" అన్నాడు. అంటే తన దేశంలో తలకు చుట్టేటంత పొడుగు బట్టను ఇక్కడివాళ్లు నడుముకు కడుతున్నారని ఆశ్చర్యపోయాడు. ఆయన చెప్పింది పంచె గురించి, తల గురించి కాదు. పైగా చూసింది ఉత్తరాదిని.

ఉష్ణీషం సంగతి. అమరకోశమే దానికి రెండు అర్థాలు చెప్పింది, తలచుట్టు, కిరీటం. మౌళికైతే మూడు: సిగ, కిరీటం, ముడిచిన జుట్టు. కాబట్టి ప్రశస్తిలో, అంటే శాసనంలో రాజును పొగిడే భాగంలో, "సామంతుల మౌళులు పాదాలను తాకాయి" అని వస్తే అక్కడ కిరీటం ఉందని గానీ లేదని గానీ తేల్చలేం. మాట ఒక్కటే పట్టుకుని బట్ట కొనకండి.

పాగా_పక్షం
సరే, రాజు సంగతి వదిలేద్దాం. మే నెలలో పొలంలో పనిచేసేవాడు తలకు గుడ్డ చుట్టడా? వాణ్ణి ఏ శిల్పి చెక్కాడు? చెక్కనివాడి తల ఖాళీ అనడం ఏం న్యాయం?

రాతిబొమ్మ
ఇది మాత్రం గట్టి మాట. గుడి గోడ మీద దేవుళ్లు, రాజులు, ఆటగత్తెలు ఉంటారు గానీ కలుపు తీసేవాడు ఉండడు. అందుకని పడవవాడికి తలగుడ్డ పెట్టడంలో నాకు అభ్యంతరం లేదు. కుట్టు లేని, అద్దకం లేని ముతక నూలు గుడ్డ, రెండు గజాలకు మించకుండా, రెండు చుట్లు చుట్టి కొస దోపాలి. కుచ్చు, తురాయి, జరీ అంచు ఏవీ వద్దు. అది పరిస్థితిని బట్టి చేసిన ఎంపిక అని తెలిస్తే చాలు. మంత్రులకు మాత్రం ఈ వాదన పనికిరాదు. వాళ్ల తరగతి మనుషులు శిల్పాల్లో ఉన్నారు, పాగాలు లేవు.

శిల్పి_ఉలి
ఫొటోలు చూసి పాగానా జుట్టా అని కొట్టుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. అరిగిన రాయిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఇన్ని తగాదాలు.

ముందు గీతలు ఎటు పోతున్నాయో చూడండి. జుట్టైతే నుదుటి అంచు నుంచి బయలుదేరి పైకి, ముడి వైపుకు పోతాయి. బట్టైతే తల చుట్టూ అడ్డంగా తిరుగుతాయి, ఎక్కడో ఒకచోట ఒక మడత ఇంకోదాన్ని దాటుతుంది. తర్వాత చెవి. చెవి వెనకా కణత దగ్గరా చిన్న ఉంగరాల జుట్టు చెక్కి ఉంటే పైనున్నది కూడా చాలావరకు జుట్టే. పాగా అయితే చెవి పైభాగాన్ని ఎంతోకొంత కప్పుతుంది. మూడోది కొస. బట్టకు కొస దోపిన చోటుంటుంది, జుట్టుకు ముడి దగ్గర పట్టీయో పూసల వరుసో ఉంటుంది.

మకుటాల్లో కిరీటమకుటం గొట్టంలా నిటారుగా లేచి పైన కొద్దిగా సన్నబడుతుంది, విష్ణువుది. కరండమకుటం గిన్నెలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మెట్లుమెట్లుగా. జటామకుటం జడలు పైకి చుట్టి కట్టింది, శివుడిదీ బ్రహ్మదీ. ఎత్తు కొలవాలంటే గడ్డం నుంచి జుట్టు అంచు దాకా ముఖాన్ని కొలమానంగా తీసుకోండి. కింద నిలబడి తీసిన ఫొటోలో మకుటం వెనక్కి పోయి పొట్టిగా కనిపిస్తుంది, దాని మీద కొలత తీయొద్దు. సున్నం, రంగు పూసిన బొమ్మ అయితే అసలు లెక్కలోకే తీసుకోవద్దు. సున్నం పొరల్లో జుట్టు గీతలన్నీ పూడిపోయి టోపీలా తయారవుతుంది.

గోదారి_గట్టు
ఇది ప్రింటు తీసి గోడకు అంటించాల్సిన పోస్టు. అయితే రాజుకు కిరీటమకుటం పెట్టొచ్చా? మామల్లపురంలో పల్లవ రాజులకు ఉంది కదా.

శిల్పి_ఉలి
ఉంది. ఆదివరాహ గుహలో సింహవిష్ణువు కూర్చుని, మహేంద్రుడు నిలబడి, ఇద్దరికీ పొడుగాటి కిరీటాలు, పక్కన రాణులు, పైన గ్రంథలిపిలో పేర్లు. పేరుతో సహా దొరికిన రాజుల బొమ్మలు మనకు చాలా తక్కువ, అందుకే వాటికంత విలువ. కానీ అది వరాహస్వామి గుడి. దేవుడి పక్కన నిలిపేటప్పుడు రాజును దేవుడి అలంకారంలో చూపడం సంప్రదాయం. నిజంగా సభలో అంతెత్తు కిరీటంతో కూర్చునేవాడని దాన్నిబట్టి చెప్పను.

రాతిబొమ్మ
అవును. అందుకే తంజావూరు బృహదీశ్వరంలో లోపలి చిత్రాలు కూడా చూడాలి. రాజరాజచోళుడూ (మన రాజరాజు కాదు), ఆయన గురువు కరువూరు దేవరూ అని పేరుపడ్డ ఆ జంట బొమ్మలో ఇద్దరికీ ముడిచిన జుట్టే, కిరీటం లేదు. ఆ గుర్తింపు మీద పండితుల్లో పేచీ ఉంది, అయినా 11వ శతాబ్దపు మొదట్లో గౌరవనీయుడైన మగవాడి తల ఎలా గీశారన్నది తెలుస్తోంది.

కొత్త_సభ్యుడు
అజంతా మొదటి గుహలో కోసు టోపీలవాళ్లు ఉన్నారు కదా? పులకేశి దర్బారు అంటారు దాన్ని. మరి చాళుక్యుల దగ్గర టోపీ ఉన్నట్టేగా?

అలంపురం_దారి
పాత మాట అది. 1879లో ఫెర్గూసన్ ఆ బొమ్మను రెండో పులకేశి దగ్గరికి పారశీక రాజు ఖుస్రో పంపిన రాయబారం అన్నాడు. పులకేశి పాలించింది 610 నుంచి 642 దాకా. ఆ గుహ వాకాటక హరిషేణుడి కాలానిది, 5వ శతాబ్దపు రెండో సగం. కాబట్టి అది పులకేశి కాడు. పోతే, టోపీలు ఎవరి తల మీద ఉన్నాయో చూడు తమ్ముడూ. గడ్డాలు, పొడుగు చేతుల అంగీలు, కాళ్లకు చారల మేజోళ్లు ఉన్న పరదేశుల తల మీద. పక్కనే ఉన్న దేశీయులకు జుట్టు, పూలు, మకుటం. కుట్టిన టోపీ అంటే పైదేశపువాడని చూసేవాళ్లు గుర్తుపట్టాలనే చిత్రకారుడు అలా గీశాడు. మీ నాటకంలో సముద్రం మీద వచ్చిన వర్తకుడు ఎవరైనా ఉంటే వాడికి పెట్టండి, చక్కగా అమరుతుంది.

గోదారి_గట్టు
భటులు మిగిలారు. అట్ట శిరస్త్రాణాలు తీసేస్తే తల బోసిపోదా?

రాగిరేకు
బోసిపోదు. శిరస్త్రాణం తెలియక కాదు, అమరకోశంలో శీర్షణ్యం అని మాట ఉంది. అజంతా 17వ గుహ యుద్ధచిత్రంలోని సైనికులనూ, మన దక్కను వీరగల్లుల్లో (చనిపోయిన వీరుల జ్ఞాపకశిలల్లో) చెక్కిన వీరులనూ చూస్తే ఎక్కువగా కనిపించేది బిగించి కట్టిన జుట్టు. మెడ దాకా జుట్టు, లేదా వెనక్కో పక్కకో గట్టి ముడి, నుదుటి మీదుగా రెండు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టీ. నలుగురికీ ఒకే రంగు యూనిఫారం వేయకండి, ముడి ఎత్తు, పట్టీ రంగు మార్చండి.

కుట్టు_కత్తెర
పట్టీకి 8 సెం.మీ. వెడల్పు, 110 సెం.మీ. పొడవు నేత గుడ్డ తీసుకుని వెడల్పు సగమయ్యేలా రెండుగా మడవండి. ఏటవాలుగా కత్తిరించొద్దు, సాగిపోయి మధ్యలో జారుతుంది. ముడి వెనక, విగ్గు ముడికి కింద.

మేకప్_పెట్టె
నన్నయకు? అన్ని బొమ్మల్లోనూ శాలువా, పాగా.

అమరం_చేతిలో
పాగా వద్దు. శిఖ చాలు, చుట్టూ గొరిగిన తల. ఎడతెగని జపహోమాల్లో ఉండే వైదికుడు ఆయన.

కుట్టు_కత్తెర
ఆఖరికి రాజు పట్టం కట్టే ఘట్టం గురించి, ఎందుకంటే ప్రేక్షకుల కళ్లన్నీ అక్కడే ఉంటాయి. జుట్టు ముందే ఎత్తి ముడేసి ఉంచండి. పట్టం రెండు కొసల్లో 4 మి.మీ. బెజ్జాలు, అంచుకు సెంటీమీటరు లోపల, లేకపోతే లాగినప్పుడు రేకు చిరుగుతుంది. బెజ్జాలకు చుట్టూ వాషర్ కొట్టించండి. లోపలివైపు పల్చటి నూలు గుడ్డ అంటించాలి, పట్టు అంటిస్తే చెమటకు జారుతుంది. నాడాలు ఒక్కోటి 45 సెం.మీ., చెవుల పైనుంచి పోయి సిగ కింద ముడి పడాలి. సిగ పైన కడితే నటుడు తల వంచగానే పట్టం కనుబొమల మీదికి దిగుతుంది. పురోహితుడి పాత్రధారి వెనక నిలబడి కట్టాలి, ఎదురుగా నిలబడితే ముడి వేయలేడు, పైగా ప్రేక్షకులకు పట్టం కనిపించదు.

గోదారి_గట్టు
రేపే అట్ట నమూనా కత్తిరిస్తున్నాం. సేనాపతికి ఒక శిఖ, రాజుకు ఐదు. ఒక్క సందేహం, ఐదు శిఖల ఎత్తు ఆ 8 అంగుళాల్లో కలిసి ఉంటుందా, దానిపైనా?

అమరం_చేతిలో
శ్లోకంలో వెడల్పు ఒకచోట, శిఖల సంఖ్య ఇంకోచోట ఉన్నాయి. 15 సెం.మీ. మీద ఇంకా శిఖలు లేపితే నుదుటి పట్టంలా కాక గోపురంలా అవుతుంది. మధ్య శిఖ కొస దాకా 15 లెక్క పెట్టి, మిగతా నాలుగూ రెండువైపులా 7.6 దాకా దిగుతూ వచ్చేలా కత్తిరించండి. అంచుల్లో సగమవ్వాలన్న మాట కూడా దానంతట అదే కుదురుతుంది.